శాలువాకు వ్రాసిన పద్యాలు

కంటికి శస్త్రచికిత్స జరిగినందువల్ల కొన్నాళ్ళు తెరవైపు చూడవద్దన్నారు వైద్యులు. ఈ మౌనకాలమంతా ఒక విషయం నన్ను తొలుస్తూనే ఉన్నది. మీ ముందు పెట్టి, మీరేమంటారో వినాలని ఈ టపా.

మా హిందూపురంలోనూ చుట్టుపట్ల ఊళ్ళలోనూ నేను వ్రాసిచ్చిన సన్మానపత్రాలకు లెక్క లేదు. పదవీ విరమణ చేసే అధికారికి పంచరత్నాలు, పెండ్లి పత్రికకు సీసపద్యం, కుంభాభిషేకానికి ఆహ్వానం, నాయకునికి ప్రసంగపాఠం, షష్టిపూర్తి సంచికకు ముందుమాట. ఆ ముందుమాట క్రింద సంతకం ఒకరిది, వ్రాత నాది. ఎవరినీ ఒక్క రూపాయి అడిగి ఎరుగను. పండిత శిక్షణ పొందినవాడు పద్యానికి వెల కట్టడమా అన్నది నా గురువులు నేర్పని, నాకు నేనై తెచ్చిపెట్టుకున్న అహంకారం. ప్రతిఫలంగా శాలువాలు వచ్చాయి. బీరువాలో ఒక అర నిండిపోతే, మా ఇంటావిడ రెండింటిని కత్తిరించి దిండ్లకు గలీబులు కుట్టించింది.

మొన్న మాఘమాసంలో నా పూర్వవిద్యార్థి ఒకడు పెనుకొండ నుండి వచ్చాడు. తెలుగు ఎం.ఏ., పైన పండిత శిక్షణ. ఒక ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తూ, 2020లో బళ్ళు మూతపడినప్పుడు ఆ కొలువు పోగొట్టుకున్నాడు. అప్పటినుండి అతనికి కలమే జీవనాధారం. దుకాణాలకు ప్రకటనలు, యూట్యూబు వారికి వ్యాఖ్యానాలు, ఆంగ్లం నుండి అనువాదాలు, పెద్దమనుషులకు జీవితచరిత్రలు. ఎఱ్ఱమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన తర్వాత ఆ దారిలో వెలసిన లేఅవుట్ల కరపత్రాలు కూడా కొన్ని అతడు వ్రాసినవే. (వాటిలో ‘ప్రకృతి ఒడిలో’ అన్నమాట ఇంకెప్పుడూ వాడవద్దని చెప్పాను. వినలేదు.)

ఆనాడు అతని చేతిలో ఒక చిన్న పుస్తకం ఉన్నది. ఒక గుడి స్థలపురాణం. నేను వ్రాసిచ్చినదే.

జరిగినది ఇది. ఆ గుడి కమిటీవారు మొదట అతనినే అడిగారట. అతడు మూడుసార్లు వెళ్ళి, శాసనపు రాళ్ళు చూసి, ముసలివాళ్ళను అడిగి, నలభై ఎనిమిది పుటల పుస్తకానికి పన్నెండువేలు అవుతుందన్నాడు. “మీ పెద్దసారు ఊరికే రాసిస్తాడు కదప్పా, నీకెందుకు ఇంత?” అన్నారట వారు. తర్వాత నా దగ్గరకు వచ్చారు. నాకేమీ తెలియదు. పదిహేను రోజులలో వ్రాసిచ్చాను, శాలువా కప్పించుకున్నాను.

నన్ను ఒక్కమాట పరుషంగా అనలేదు ఆ అబ్బాయి. “పుస్తకం బాగుంది సార్. అయితే ఒక మాట. ఇంటి బాడుగకు శాలువా ఇస్తే తీసుకోరు సార్” అన్నాడు. అంతే.

ఆ రాత్రి నాకు అర్థమైనది ఏమిటంటే, నా ఔదార్యానికి ఖర్చు పెట్టినది నేను కాదు. నెలనెలా ఖజానా నుండి పింఛను వస్తూ ఉండగా ఊరికే వ్రాసిచ్చాను. ఆ పింఛను లేనివాడు నా ప్రక్కనే కూర్చుని అదే పనికి ధర చెబితే, వాడు దురాశాపరుడైనాడు. నాబోటి విశ్రాంత పండితులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. తెలుగులో వ్రాసి బ్రతకలేమని పిల్లలు అంటే మనమంతా నిట్టూరుస్తాము. ఆ పరిస్థితికి మేమూ కొంత కారకులమని ఒప్పుకోవడం కష్టంగానే ఉన్నది, కాని తప్పదు.

సంప్రదాయం పేరు చెప్పి తప్పించుకుందామా అంటే అదీ కుదరదు. పెద్దనకు కోకటం మొదలైన గ్రామాలు దక్కాయని చాటువు చెబుతుంది. పోతన నాగలిని చూపించి కావ్యాన్ని అమ్ముకోరాదని పాఠం చెప్పే మేము, ఆ ఐతిహ్యంలో ఆయనకు దున్నుకోవడానికి పొలమున్నదన్న సంగతి పిల్లలకు గుర్తు చేయము. మన ధర్మవరం ఇంటిపేరుగా గల ఆంధ్ర నాటక పితామహులు రామకృష్ణమాచార్యులవారు (1853–1912) బళ్ళారిలో వకీలు వృత్తిలో ఉంటూ నాటకాలు వ్రాశారు. కడపలో బ్రౌను దొర తన సొంత సొమ్ముతో పండితులకు జీతాలిచ్చి ప్రతులను పరిష్కరింపజేశాడు. జూలూరి అప్పయ్య వంటివారు అలా పనిచేసినవారే. జీతం తీసుకున్నందువల్ల వారి పాండిత్యానికి ఏ మచ్చా రాలేదు. ఎక్కడ చూసినా కవి వెనుక ఒక పొలమో, ఒక కోర్టో, ఒక దొర జీతమో ఉన్నది.

సరే, ధర సంగతి తేలింది. పేరు సంగతి అంత సులువుగా తేలడం లేదు నాకు.

పెనుకొండలో కూర్చుని మాట్లాడుకుంటే ఆముక్తమాల్యద ప్రస్తావన రాకుండా ఉండదు. దానిని పెద్దనే వ్రాసి రాయలకిచ్చాడన్న వాదం ఒకటి చాలాకాలం నడిచింది. నేను నమ్మను. మనుచరిత్ర నడకలో ఉన్న ఆ నునుపు దీనిలో లేదు. వానాకాలపు పల్లె ఇళ్ళను, తడిసిన కట్టెల పొగను అంత దగ్గరగా చూపిన ఆ కఠినమైన గొంతు వేరొకరిది. కాని వాదం పుట్టడమే చూడండి, పాలకుడు మంచి పుస్తకం వ్రాస్తే ఎవరో వ్రాసిచ్చి ఉంటారని లోకం అయిదువందల ఏళ్ళ తర్వాత కూడా అనుమానిస్తుంది.

దీనికి ఎదురుగా ఎఱ్ఱనను నిలబెట్టాను నా శిష్యుని ముందు. నన్నయ వదిలిన అరణ్యపర్వశేషాన్ని, నన్నయ శైలినుండి మెల్లగా తన శైలికి జారుతూ, రాజరాజనరేంద్రునికే అంకితంగా పూర్తిచేశాడు. చివర ఒక్క పద్యంలో మాత్రం పూరించినది తానని చెప్పుకున్నాడు. ఒక్క పద్యం చాలు. అదైనా ఉండాలి అన్నాను.

అతడు నవ్వాడు. “మా నాయన ధర్మవరంలో నలభై ఏండ్లు మగ్గం నేసినాడు సార్. ఏ చీర అంచు మీదా ఆయన పేరు లేదు. అంగడి పేరే ఉంటుంది. వారం వారం కూలి మాత్రం తెచ్చేటోడు.”

వెంటనే జవాబు దొరకలేదు. రైలులో హిందూపురం తిరిగివచ్చేటప్పుడు తోచింది. చీర తనను ఎవరు నేశారో ఏమీ చెప్పదు, కాబట్టి అబద్ధమూ ఆడదు. ‘నేను’ అని మొదలయ్యే పుస్తకం అలా కాదు. అయితే అమెరికాలో మోరింగర్ అనే రచయిత, టెన్నిస్ ఆటగాడు అగస్సీ ఆత్మకథను (2009) వ్రాసి, అట్టమీద పేరు వేస్తానన్నా వద్దన్నాడట. అగస్సీ మాత్రం లోపల ఆయనకు కృతజ్ఞత చెప్పుకున్నాడు. కనుక ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ఇష్టమైతే మధ్యలో నేనెవరినన్న ప్రశ్న కూడా ఉన్నది.

ఒకచోట మాత్రం నాకు సందేహం లేదు. పరిశోధన గ్రంథం మరొకరికి వ్రాసివ్వకూడదు. ప్రసంగం వినేవారికి అది ఎవరు వ్రాశారన్నది ముఖ్యం కాదు. పట్టా మాత్రం ఫలానా వ్యక్తికి ఫలానా విద్య వచ్చునని ఇచ్చే సాక్ష్యం. ఆ సాక్ష్యం దొంగదైతే, రేపు తరగతి గదిలో నష్టపోయేది పిల్లలు. అతనికి అటువంటి పని ఒకటి వచ్చింది, ఏడాది బాడుగకు సరిపడే సొమ్ము. వదులుకున్నాడు. నేను చెప్పకముందే వదులుకున్నాడని ఇక్కడ వ్రాయకపోతే అన్యాయమవుతుంది.

చట్టం సంగతి కొంత చదివి చెప్పాను. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, ఉద్యోగిగా కాక విడిగా పుస్తకం వ్రాసేవాడే సాధారణంగా దానికి మొదటి హక్కుదారు (17వ సెక్షన్). హక్కు బదిలీ కావాలంటే సంతకంతో కూడిన వ్రాతపత్రం ఉండాలి, కాలపరిమితి చెప్పకపోతే అయిదేళ్ళే (19వ సెక్షన్). హక్కు ఇచ్చివేసిన తర్వాత కూడా, వ్రాసింది నేనని చెప్పుకునే వీలు 57వ సెక్షన్‌లో ఉన్నది. బహిరంగ ప్రసంగానికి మాత్రం ప్రసంగించినవాడే హక్కుదారు. కాబట్టి నేను వ్రాసిచ్చిన ఉపన్యాసాలన్నీ చట్టరీత్యా వారివే! నోటిమాట మీద కలం పట్టవద్దని, సగం సొమ్ము ముందే తీసుకోమని, ఎన్ని పుటలో, ఎన్నిసార్లు దిద్దాలో కాగితం మీద పెట్టుకోమని చెప్పాను. యూనికోడులో టైపు చేసి ఇచ్చినదానిని ముద్రణాలయం వారు ‘అను’లో కావాలంటే, ఆ మార్పులో విరిగిపోయే ఒత్తులను సరిచేసే శ్రమకు వేరే రుసుము అని కూడా వ్రాయించాను. ఈ బాధ మీకు తెలియనిది కాదు.

ఇప్పుడు నేను ఊరికే వ్రాయడం మానేశాను. ఎవరు వచ్చినా ఆ అబ్బాయి ఫోను నెంబరు ఇస్తున్నాను, లేదా అతడు చెప్పే ధరే చెబుతున్నాను. పాత పరిచయస్థులలో ఇద్దరు నమస్కారం మానేశారు. “పెద్దసారు ముసలితనంలో రూపాయలకు ఆశపడ్డాడు” అని మార్కెట్టులో ఒకరన్నారట.

ధర్మవరంలో ఒక పట్టు వ్యాపారి తన జీవితకథ వ్రాయించుకోవాలని నా దగ్గరకు వస్తే అతని వద్దకు పంపాను. ఒప్పందం వ్రాసుకున్నారు. చివరి పుటలో నీ పేరు వేయించుకో, ఎఱ్ఱనలాగా ఒక్క పంక్తి అన్నాను. పేరుకు బదులు అయిదువేలు అదనంగా అడిగి పుచ్చుకున్నాడు. కోపం వచ్చింది, అణచుకున్నాను.

పోయినవారం నాలుగో అధ్యాయం దిద్దిపెట్టమని పంపాడు. ఆ వ్యాపారి చిన్నతనంలో మగ్గపు గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న ఘట్టం. అది వ్యాపారి బాల్యం కాదు, వీడి నాయనది. చదవగానే తెలిసిపోయింది. ఆ విషయం వ్యాపారికి తెలుసునా అని అడగాలనుకుని, ఇంకా అడగలేదు. దిద్దినందుకు పుటకు పదిరూపాయల చొప్పున నా ఖాతాకు పంపాడు. వెనక్కి పంపాలో ఉంచుకోవాలో తోచక ఊరుకున్నాను.