ముసాయిదా సిద్ధమయ్యాక పల్లెను అడగడమా?

భూపాలపల్లి ప్రాంతంలో సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులున్నాయి. చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. ఇటువంటి ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రజాభిప్రాయ సేకరణను నిర్దేశించింది. అయితే ఊరివారిని ఆ సభకు పిలిచేది నివేదిక ముసాయిదా తయారైన తరువాతనే. ఏయే అంశాలను పరిశీలించాలో నిర్ణయించే తొలిదశలో వారికి స్థానం లేదు. రోగిని పలకరించకుండానే మందుచీటీ రాసి, ఆపైన "నీ బాధ ఏమిటి?" అని అడిగినట్లుంది ఈ పద్ధతి.

దుమ్ము ఏ వాడ మీద పడుతుందో, ఏ నెలలో పిల్లలకు దగ్గు ఎక్కువవుతుందో ఆ ఊరి ఆశా కార్యకర్తకు తెలుసు. గనులు లేనిచోటా ఇదే సంగతి. జనగామ పల్లెల్లో ఏ బోరునీటితో పిల్లలకు గారపళ్ళు వచ్చాయో తల్లులు ముందే గుర్తిస్తారు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడును ప్రయోగశాల ఆ తరువాత ధ్రువీకరిస్తుంది. మహబూబాబాద్ తండాల్లో మిరపచేలకు పురుగుమందు కొట్టేవారికి తలతిప్పు, వాంతులు ఎప్పుడు వస్తాయో వారినే అడగాలి.

2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు స్వంత పంచాయతీలయ్యాయి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీలూ ఉన్నాయి, చాలాచోట్ల కాగితం మీదనే అనుకోండి. ఆ కమిటీ వ్రాసి ఇచ్చిన జాబితాతోనే ప్రతి ప్రణాళికా మొదలు కావాలని నా అభిప్రాయం. ఇది పల్లెవారికి మించిన పని కాదు. వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో తాగునీటికి, పారిశుద్ధ్యానికి వేర్వేరు కమిటీలు ఏర్పరచుకొని గ్రామస్థులే నడుపుకున్నారు.