ర్యాలీతో దిగే మత్తు కాదిది

జూన్ 26 వచ్చిందంటే హైస్కూలు పిల్లలకు ఒక పూట పాఠాలుండవు. ప్లకార్డులు పట్టుకుని బజారు వెంట నడవాలి, కూడలిలో మానవహారం కట్టాలి, చెయ్యి చాపి ప్రతిజ్ఞ చెయ్యాలి. ఎస్సైగారూ తహసీల్దారుగారూ చెరో నాలుగు మాటలు చెబుతారు. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడుతుంది. మాదకద్రవ్యాల వ్యతిరేక దినంగా ఐక్యరాజ్యసమితి 1987లో నిర్ణయించిన ఆ తేదీకి మన దగ్గర మిగిలిన అర్థం ఇంతే.

ఈ తతంగం వెనక అందరూ ఒప్పుకున్న నమ్మకం ఒకటుంది. పిల్లలు తెలియక చెడిపోతున్నారు, తెలియజెబితే మానేస్తారు అని. అధికారులు, హెడ్‌మాస్టర్లు, స్వచ్ఛంద సంస్థలు, తల్లిదండ్రులు, ఎవరికీ ఇందులో పేచీ లేదు. టికెట్ల ధర పెంచుకోవాలంటే ముందు డ్రగ్స్ మీద అవగాహన వీడియో చేసివ్వాలని 2024 జులైలో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సినిమావాళ్లకు షరతు పెట్టింది కూడా ఈ నమ్మకంతోనే. నా పేచీ దీనితోనే.

తెలియనిది ఎవరికండీ? సిగరెట్ పెట్టె మీద 85 శాతం జాగా హెచ్చరిక బొమ్మకే పోతుంది. సినిమా హాల్లో దీపాలు ఆరగానే పొగాకు వ్యతిరేక ప్రకటన వస్తుంది. దాని మొదటి మాటలు రాని కుర్రాడు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉంటాడా? ఆ మాటల్నే పేరుగా పెట్టి తరుణ్ భాస్కర్ 2018లో 'ఈ నగరానికి ఏమైంది' తీశారు. నలుగురు స్నేహితులు తాగిన మైకంలో గోవాలో తేలే కథ అది. కుర్రకారు దాన్ని నెత్తిన పెట్టుకుంది. తీసినవారిని తప్పుపట్టడం లేదు. హెచ్చరిక చివరికి ఎక్కడ చేరిందో చెబుతున్నానంతే. పైగా చాలామంది కుర్రాళ్లు కొనేది విడి సిగరెట్. పెట్టె కొట్టువాడి దగ్గరే ఉండిపోతుంది, పెట్టె మీది బొమ్మా అక్కడే ఉండిపోతుంది.

తెలియజెబితే మానేస్తారన్న లెక్కను అమెరికా మనకన్నా ముందే, మనకన్నా భారీగా వేసి చూసింది. 1983లో లాస్ ఏంజిలిస్ పోలీసులు 'డేర్' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి క్లాసుకొచ్చి వారం వారం పాఠం చెబుతాడు, పిల్లలు ప్రతిజ్ఞ చేస్తారు, టీషర్టు వేసుకుని ఇంటికెళతారు. కొన్నేళ్లలోనే దేశమంతా పాకింది. తొంభైల నుంచి పరిశోధకులు లెక్కలు తీస్తూ వచ్చారు. ఆ పాఠం విన్న పిల్లలకీ విననివాళ్లకీ తాగుడులోనూ పొగలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2001లో ఆ దేశపు సర్జన్ జనరల్ నివేదిక దాన్ని పనిచెయ్యని కార్యక్రమాల్లో చేర్చింది. నిర్వాహకులు చివరికి పాత పాఠాలు పక్కనపెట్టి కొత్తవి తెచ్చుకోవాల్సి వచ్చింది. వాళ్లు వదిలేసిన పద్ధతిని మనం ఇంకా ప్లకార్డు మీద మోస్తున్నాం.

"పోనీ, మేలు జరగకపోయినా నష్టమేముంది?" అంటారు. ఉంది. 1998 నుంచి 2004 వరకు అమెరికా ప్రభుత్వం పిల్లల కోసం డ్రగ్స్ వ్యతిరేక ప్రకటనల మీద దాదాపు వంద కోట్ల డాలర్లు పోసింది. అది నియమించిన పరిశీలకులకే గంజాయి వాడకం తగ్గిన దాఖలా దొరకలేదు. ప్రకటనలు ఎక్కువగా చూసిన పిల్లల్లో ఆసక్తి పెరిగిన సూచనలు కొన్ని కనిపించాయి. ఇందులో వింతేమీ లేదు. "యువత మత్తులో జోగుతోంది" అని రోజూ మైకులో వినే పదిహేనేళ్లవాడికి అందే సమాచారం ఏమిటి? అందరూ వాడుతున్నారు, నేనే వెనకబడ్డాను అనే కదా.

మరి పనిచేసింది ఏది? ఐస్‌లాండ్ సంగతి చూడండి. 1998లో అక్కడి పదిహేను, పదహారేళ్ల పిల్లల్లో 42 శాతం మంది ఆ ముందు నెలలో ఒక్కసారైనా తాగి తూలినవాళ్లే. 2016 నాటికి అది 5 శాతానికి దిగింది. రోజూ సిగరెట్ కాల్చేవాళ్లు 23 నుంచి 3 శాతానికి వచ్చారు. ఉపన్యాసాలతో వచ్చిన మార్పు కాదది. సాయంత్రాలు మార్చారు. బడి వదిలాక ఆటకో పాటకో వెళ్లడానికి రాజధాని రేక్యవిక్ నగరపాలిక ప్రతి పిల్లవాడి పేరా డబ్బు కేటాయించింది. రాత్రి ఫలానా వేళ దాటాక పిల్లలు బయట తిరక్కూడదన్న నియమాన్ని పోలీసులకు వదిలేయకుండా తల్లిదండ్రులే వంతులవారీగా వీధుల్లో నడిచి అమలు చేశారు. పిల్లల్ని ఏటా పేర్లు లేకుండా ప్రశ్నలడిగి, జవాబులు కొద్ది వారాల్లోనే ఆ బడికి, ఆ పేటకు అందజేశారు. నాలుగు లక్షలు దాటని జనాభా, డబ్బున్న దేశం, మనకెక్కడ కుదురుతుంది అంటారా? దేశమంతటికీ కుదరదేమో. ఒక మండలానికి కుదరదా?

మన ఇంటర్మీడియట్ పిల్లవాడి సాయంత్రం ఎలా ఉందో చూడండి. అపార్టుమెంటు లాంటి భవనంలో కాలేజీ, అందులోనే హాస్టల్, తెల్లవారుజాము నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు. మైదానం మాటే లేదు. రెండేళ్లు అలా బిగబట్టి, ఒక్కసారిగా ఇంజనీరింగ్ కాలేజీ పక్కన అద్దెగదిలోకి వదిలేస్తాం. చేతిలో ఫోన్‌పే, చుట్టూ సీనియర్లు. బంతి తన్నడం కూడా నేర్పకుండా పంపిన పిల్లవాడికి శనివారం సాయంత్రం ఏం చేయాలో సీనియర్ నేర్పుతాడు. అప్పుడు మనం అవగాహన సదస్సు పెడతాం.

అసలు ఊరు పూనుకుంటే ఏమవుతుందో చూడడానికి ఐస్‌లాండ్ దాకా పోనక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట చాలు. అక్షరాస్యత తరగతుల్లో కలుసుకున్న ఆడవాళ్లు తాగేవాళ్లకు తాగుడు చెడ్డదని బోధిస్తూ కూర్చోలేదు. సారా దుకాణం మూయించారు. 1992లో జిల్లాలో సారా పాటలు జరగనివ్వకుండా అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి రాష్ట్రమంతటా సారా బంద్ అయింది. వాళ్లు తాగేవాడి మనసును కాదు, అమ్మేవాడి దుకాణాన్నీ పాట పెట్టే సర్కారునీ పట్టుకున్నారు. ఈనాటి 'సామాజిక భాగస్వామ్యం'లో ఆ రెండింటి జోలికీ పోరు. పిల్లవాణ్ణి పట్టుకుంటారు, తిరగబడడు కనుక.

నేను మద్యనిషేధం అడగడం లేదు. 1995లో సంపూర్ణంగా తెచ్చి 1997లో ఎత్తేసిన ముచ్చట అందరం చూశాం. ఉన్న చట్టమే అడుగుతున్నాను. విద్యాసంస్థకు వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఎక్కడా అమ్మకూడదు. ర్యాలీ బయలుదేరే గేటు నుంచి టేపు పట్టి కొలవండి, ఎన్ని కిళ్లీకొట్లు తగులుతాయో. మద్యం కొనాలంటే ఇరవయ్యొక్కేళ్లు నిండాలి. వైన్‌షాపు కౌంటర్ దగ్గర వయసు అడగడం మీరెప్పుడైనా చూశారా? ఆ కొలతకూ ఆ ప్రశ్నకూ ఖర్చు లేదు. ఎవరితోనో పేచీ పెట్టుకోవాల్సి వస్తుంది, అంతే.

ఖర్చయ్యే పని ఒకటుంది. సర్కారు బడి మైదానం రాత్రి ఎనిమిది దాకా తెరిచి, దీపాలు పెట్టి, ఆడించే మనిషికి జీతమివ్వడం. నిధులెక్కడివి అంటారు. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లాటరీ తీసినప్పుడు దరఖాస్తు రుసుమే 2 లక్షలు, దుకాణం దక్కకపోయినా తిరిగిరాదు. దరఖాస్తులు లక్ష దాటాయి. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు రెండు వేల కోట్లకు పైగా చేరింది. అందులో మైదానాలకు ఎంత ఇచ్చారో వేదిక మీద ప్రతిజ్ఞ చేయించేవారు ముందుగా చెప్పాలి.