గునుగుకూ ఒక డబ్బా

ఫాక్‌లాండ్ రోడ్డు పక్కన మా చాల్‌లో మట్టి నేల లేదు. గ్యాలరీ రెయిలింగుకు కట్టిన నూనె డబ్బాలే మా తోట. తులసి ఉంది, మనీప్లాంట్ ఉంది. గునుగు వేస్తానంటే నానమ్మ నవ్వింది: "చేన్ల పీకి పారేసేదాన్ని డబ్బాల పెంచుతవానే?"

నర్సరీలో అడిగితే కోడిజుట్టు చూపించారు. అది గునుగుకు చుట్టమే, కానీ బతుకమ్మలో పేర్చే సన్నటి కంకి కాదు. చివరికి పోయినేడు పండక్కి కొన్న కంకుల్లో రెండు ఎండబెట్టి నలిపాను. నల్లగా మెరిసే చిన్న గింజలు రాలాయి. జూన్‌లో తొలి వానకి మట్టి మీద పైపైన చల్లాను. ఎండ తగిలితే చాలు, ఎరువు అడగదు.

జులైలో పక్కింటి మరాఠీ ఆంటీ చూసి "అరే, కుర్డూ!" అంది. వాళ్ల ఊళ్లో వానాకాలం ఆ లేత ఆకు కూర వండుకుంటారట. తెలంగాణ గుర్తు అని నేను మురిసిపోతున్న మొక్క ఇక్కడి చేలల్లోనూ మొలుస్తుంది!

మమ్మల్ని చాలామంది "మీరు ఎక్కడివాళ్లు?" అని అడుగుతారు. కామాఠీపురా పేరే 18వ శతాబ్దం చివర్లో ఇక్కడికి కట్టడం పనులకు వచ్చిన తెలుగు కామాఠీల నుంచి వచ్చింది. గునుగుకు రెండు పేర్లున్నట్టే మాకూ రెండు భాషలు. ఒకటి నేర్చుకోవాలంటే ఇంకోటి వదలాలని ఎవరన్నారు?

అందుకే నేననేది, పండక్కి పువ్వు కొనడం తప్పు కాదు. కానీ బతుకమ్మ పేర్చే ముందు రెండు కంకులు పక్కన పెట్టండి. గింజలు కావాలంటే నన్ను అడగండి, పొట్లం కట్టి ఉంచాను.