గేరు విరగ్గొట్టే హక్కు

"అమ్మాయిలు బాగా మాట్లాడతారు కదా ఆంటీ, అందుకే ప్రెజెంటేషన్ వాళ్లకిచ్చాం." అమెరికాలో మా ఊరి హైస్కూలు రోబోటిక్స్ జట్టు కుర్రాడు ఎంతో మర్యాదగా అన్న మాట ఇది. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది.

1992లో మొదలైన 'ఫస్ట్' రోబోటిక్స్ పోటీ కోసం మా జట్టు స్వెర్వ్ డ్రైవ్ తయారుచేసుకుంటోంది. నాలుగు చక్రాలు. ఒక్కోదానికి రెండు మోటార్లు: ఒకటి దొర్లించడానికి, ఇంకొకటి దిశ మళ్లించడానికి. రోబో ఎటు పోతున్నా తన చుట్టూ తాను తిరగగలదు. రోబో ముందుకు పోయే వేగాన్నీ, గుండ్రంగా తిరగడం వల్ల చక్రం దగ్గర పుట్టే వేగాన్నీ వెక్టర్లుగా కలిపితే ఆ చక్రం ఎటు చూడాలో, ఎంత వేగంగా దొర్లాలో తేలుతుంది. పదో తరగతి అమ్మాయి ఒకతె ఈ లెక్కంతా నోటుబుక్కులో చేసుకొచ్చింది. ఏ చక్రాన్నీ 90 డిగ్రీలకు మించి మళ్లించనక్కర్లేదనీ, రెండోవైపు నుంచి మళ్లించి మోటారును వెనక్కి తిప్పితే చాలనీ కూడా రాసుకుంది. ఆమెకు అప్పగించిన పని? ఇంపాక్ట్ అవార్డు వ్యాసం!

"అది పోటీలోకెల్లా పెద్ద అవార్డు, తక్కువ పనా?" అంటారు. కాదు. మరి అంత గొప్ప పనికి అబ్బాయిలెందుకు ఎగబడరు?

"టైము లేదు, అనుభవమున్నవాళ్లు చేస్తే త్వరగా అవుతుంది" అంటారు. ఆ అనుభవం వాళ్లకెలా వచ్చింది? నిరుడు పాడుచేసే అవకాశం దొరికింది కాబట్టి. అన్నం మాడ్చిన ఆడపిల్లను వంటింట్లోంచి ఎవరూ వెళ్లగొట్టరు, రేపు మళ్లీ వండమంటారు. గేరు విరగ్గొట్టి మళ్లీ బిగించే హక్కు మాత్రం ఆమెకెందుకు లేదు?

నా తప్పూ ఉంది. నేను మెకానికల్ ఇంజనీర్ని. మొదటి ఏడాది వర్క్‌షాపుకి పులిహోర మోసుకెళ్లి, బేరింగులు బిగించే చోట నోరు మూసుకు నిలబడ్డాను. నన్ను చూసే కదా ఆ పిల్లలు నేర్చుకున్నారు, ఆడవాళ్ల చోటు ఏదో!

చక్రాల సున్నా దిశ తప్పుగా పెడితే మోటార్లెంత బలమైనవైనా ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. జట్టూ అంతే. అందుకే ఈసారి పులిహోర తీసుకెళ్లలేదు, ఒక కాగితం తీసుకెళ్లాను. నాలుగు మాడ్యూళ్లలో రెండు అమ్మాయిలు బిగించాలి. వ్యాసంలో సగం అబ్బాయిలు రాయాలి. ఆలస్యమైతే అవనివ్వండి. ఓడిపోతే ఓడిపోదాం.