చక్రాల మీద చెంబెడు నీళ్ళు

పట్టాభిరామ్ స్టేషన్ దగ్గర ఈ మధ్య తెలిసినవాళ్ళు ఎవరు ఎదురైనా "మీ మేనల్లుడి బండి ఎంతవరకు వచ్చిందండీ?" అని అడుగుతున్నారు. బండి ఇంకా షెడ్డులోనే ఉంది. ఆగిపోయింది ఇంజను దగ్గరో చక్రాల దగ్గరో కాదు, స్నానం దగ్గర!

మావాడు ఒక పాత టెంపో ట్రావెలర్ కొన్నాడు. సీట్లు పీకించి, పడకలు, పొయ్యి, మరుగుదొడ్డి పెట్టించి ఇల్లులాగా చేయించుకోవాలని కోరిక. ఆవడిలో బండ్ల మధ్యే ఉద్యోగం వెలగబెట్టినవాణ్ణి కనుక షెడ్డువాడు గీసిచ్చిన బొమ్మ తెచ్చి నా ముందు పరిచాడు. వెనకవైపు ఒక మూల రెండున్నర అడుగుల చదరం, గాజు తలుపు, పైన షవరు. ఆ మూల ఒక్కదానికే లక్షా ఎనభై వేలు అడిగారట. "షవరు ఉండాలా, వద్దా? మీరే చెప్పండి మామయ్యా" అన్నాడు.

ఇది వాడి షోకు కోసమైతే వద్దని అప్పుడే చెప్పేసేవాణ్ణి. కానీ ఈ బండి మా అక్కయ్య కోసం. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు. తుంటికి ఆపరేషన్ జరిగినప్పటినుంచి ఇంటి గడప దాటడం లేదు. నడవలేక కాదు, కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తుంది. స్నానం చేయనిదే కాఫీ చుక్క కూడా ముట్టదు, అదీ సంగతి. రైల్లో అది కుదరదు. లాడ్జీల్లో స్నానాలగదికి ఎత్తు గడపలు, జారే బండలు. "నన్ను మోసుకు తిరగడం మీకెందుకురా" అంటుంది. అన్నవరంలో కొడుకూ కోడలిచేత సత్యనారాయణ వ్రతం చేయిస్తానని మొక్కుకుంది. ఆ మొక్కు మిగిలిపోతుందని ఆమె దిగులు.

నేను ముందు నీళ్ళ లెక్క తీశాను. లీటరు నీళ్ళంటే కిలో బరువు. మన ఊరివాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. 2019లో మద్రాసు చెరువులు ఎండిపోయినప్పుడు జోలార్‌పేట నుంచి విల్లివాక్కానికి నీళ్ళ రైలు వేశారు, జూలై 12న మొదటిది వచ్చింది. యాభై వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు. అరక్కోణం, తిరువళ్ళూరు దాటి మన పట్టాభిరామ్ మీదుగానే వెళ్ళింది. అంటే రెండున్నర వేల టన్నులు! నీళ్ళు మోయడానికి గూడ్సు రైలు కావలసి వచ్చిందన్నమాట.

మామూలు షవరు నిమిషానికి పది లీటర్ల దాకా పోస్తుంది. అయిదు నిమిషాలు నిలబడితే యాభై లీటర్లు. ఇంట్లో అయిదుగురుంటే 250 కిలోలు, అంటే నలుగురు పెద్దమనుషులను అదనంగా ఎక్కించుకున్నట్టు. అదే మనిషి బకెట్టూ చెంబూ పెట్టుకుంటే పదిహేను లీటర్లతో సుబ్బరంగా స్నానం ముగిస్తాడు. పైగా వాడిన నీళ్ళు ఎక్కడికీ పోవు, బండి కిందే మరో ట్యాంకులో పడాలి. రోడ్డు మీద వదిలేయడానికి అది మన పెరడు కాదు కదా. (వదిలేసేవాళ్ళు లేరని కాదు.)

అమెరికాలో మనవాళ్ళు ఇలాంటి పెద్ద బండ్లు అద్దెకు తీసుకుని పిల్లాపాపలతో తిరిగివస్తుంటారు. అక్కడ రాత్రి ఆగే చోట బండికి మంచినీళ్ళ గొట్టం తగిలించుకోవచ్చు, మురుగునీళ్ళు వదలడానికి ప్రత్యేకం స్థలాలుంటాయి. మన రోడ్లమీద ఆ వసతి ఎక్కడో గాని కనపడదు. దానికి బదులు మనకున్నది వేరు. తిరుమలలో యాత్రికుల వసతి సముదాయాల్లో డబ్బివ్వకుండానే స్నానం చేయవచ్చు. తిరుత్తణిలో కొండ కింద శరవణ పొయ్‌గై కోనేరుంది. పుణ్యక్షేత్రమన్న ప్రతిచోటా గంటల లెక్కన గది ఇచ్చేవాళ్ళుంటారు. కాళ్ళూ చేతులూ బాగున్నవాడు బండిలో స్నానాలగది కోసం లక్షన్నర పైగా తగలేయడం శుద్ధ దండగ.

ఇదంతా చెబితే మావాడు ఊరుకోలేదు. "ఒకసారి అద్దెకు తీసుకుని చూద్దాం" అన్నాడు. మంచి ఆలోచనే. కిందటి కార్తీకంలో షవరున్న బండి ఒకటి అద్దెకు తెచ్చాడు. తలుపు తీసి చూస్తే షవరు గదినిండా మడత కుర్చీలు, గొడుగు, చీపురు! బండివాడు నవ్వి "ఎవరూ వాడరు సార్" అన్నాడు. నాకు అప్పుడే సగం జవాబు దొరికింది. మిగతా సగానికి అన్నవరం దాకా వెళ్ళాల్సి వచ్చింది.

సాయంత్రం నెమిలిచేరి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, రాత్రికి కావలి దాటి ఒక పెట్రోలు బంకులో ఆగాం. తెల్లవారి పిల్లలు ముందు దూరారు. పెద్ద మనవడు షవరు కింద ఒక పాట పూర్తిగా పాడాడు, చిన్నవాడు రెండో చరణం అందుకున్నాడు. వందలీటర్ల ట్యాంకు, అందులోనే రాత్రి గిన్నెలు, మరుగుదొడ్డి. అక్కయ్య వంతు వచ్చేసరికి కుళాయి గురగురమని ఊరుకుంది. బంకులో బోరు పనిచేయడం లేదట.

ఒంగోలు చేరేసరికి తొమ్మిదిన్నర. అప్పటిదాకా ఆమె కాఫీ తాగలేదు, ఒక్క మాటా అనలేదు. గది తీసుకున్నాం. స్నానాలగది గడప అడుగు ఎత్తుంది. నేనొకవైపు, కోడలు ఒకవైపు పట్టుకుని దాటించాం. ఆ గడప దాటేటప్పుడు అక్కయ్య నా చెయ్యి పట్టుకున్న పట్టు నాకిప్పటికీ గుర్తే. చిన్నప్పుడు నన్ను బావి గట్టుమీద నిలబెట్టి నీళ్ళు పోసిన చెయ్యి అది. బయటికొచ్చాక "ఇక ఇంటికి పోదాం పదరా తమ్ముడూ, మొక్కు దేవుడే చూసుకుంటాడు" అంది.

మేం వెనక్కి తిరగలేదు. మర్నాడు రాజమండ్రి దాటాక వేకువన మరో బంకులో ఆగాం. ఈసారి పిల్లలకు షవరు బంద్, బంకు కుళాయి దగ్గరే వాళ్ళ స్నానం. కోడలు పొయ్యిమీద మూడు లీటర్ల నీళ్ళు మరగబెట్టింది. పన్నెండు లీటర్ల చల్లనీళ్ళలో అవి కలిపితే గోరువెచ్చగా బకెట్టు నిండింది. గీజరు అక్కర్లేదు, బ్యాటరీ హరించుకుపోదు. షవరు గదిలో ప్లాస్టిక్ కుర్చీ వేసి అక్కయ్యను కూర్చోబెట్టాం. గాజు తలుపు వేస్తే కోడలికి చెయ్యి ఆడదు, అందుకని తెరిచే ఉంచి, దుప్పటి అడ్డం కట్టి చెంబుతో పోసింది. బండి కాస్త వాలుగా నిలబడి ఉండడంతో నీళ్ళు రంధ్రంవైపు పోకుండా పడకల కిందికి వచ్చాయి. పాత బట్టలతో ఒత్తుకోవడానికి అరగంట పట్టింది. ఆ రోజంతా బండి చెమ్మవాసన కొట్టింది. అయితేనేం, ఆరు కాకముందే అక్కయ్య తడి జుట్టు ముడేసుకుని, విభూతి పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని కాఫీ అడిగింది. రెండేళ్ళ తరువాత ఇంటి బయట ఆమె అడిగి తాగిన మొదటి కాఫీ!

వ్రతం బాగా జరిగింది. ప్రసాదం తెచ్చాం.

తిరుగుదారిలో నాకు ఏనుగుల వీరాస్వామయ్యగారు గుర్తొచ్చారు. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరినవారు. మన తెలుగులో యాత్రాచరిత్ర అంటే ముందు ఆయన పేరే చెప్పుకుంటాం. మజిలీ తరవాత మజిలీ ఎక్కడ దిగవచ్చు, నీళ్ళ వసతి ఎలా ఉంది, ఏం దొరుకుతాయి అని రాసుకుంటూ పోయారు. నీళ్ళు మోసుకు తిరగడం కన్నా నీళ్ళున్న చోట ఆగడం సుఖమని ఆయన పుస్తకం చదివినవాళ్ళకు తెలుస్తుంది. మా మేనల్లుడికి కూడా ఒక చిన్న నోటుపుస్తకం కొనిచ్చాను, ఏ బంకులో బోరు పనిచేస్తుందో రాసుకోమని.

షెడ్డువాడి బొమ్మ మేం మార్చాం. గాజు తలుపు గది తీసేయించాను. మరుగుదొడ్డినే అడుగున్నర పెంచి, నేలంతా ఒకే ఫైబర్ పళ్ళెంలాగా చేసి, గడప లేకుండా, బండి ఎటు వాలినా నీళ్ళు పోయేలా రెండు మూలలా రంధ్రాలు పెట్టమన్నాం. గోడకు మడిచే పీట, చేత్తో పట్టుకునే చిన్న కుళాయి, గాలి పోవడానికి పైన ఒక ఫ్యాను. అరవై లీటర్ల ట్యాంకు చాలు. అది రెండు ఇరుసుల మధ్య, వీలైనంత కిందకి ఉండాలి. పైన పెడితే మలుపుల్లో బండి తూలుతుంది. ఖర్చు మూడోవంతుకు దిగింది. ఇలాంటి మార్పులకు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్.టి.ఓ. అనుమతి తీసుకుని ఆర్.సి.లో రాయించుకోవాలి. ఆ కాగితాల పనిలోనే ఇప్పుడు ఆలస్యం అవుతోంది. ఇందులో అక్కయ్య ఒక్కర్తే స్నానం చేస్తుంది. మనవలు బయట బకెట్లతో పోసుకోవలసిందే. ఈ షరతు మీద పెద్దవాడు ఇప్పటికీ నాతో మాట్లాడడం లేదు.

మొన్న బొమ్మ తీసుకెళ్ళి అక్కయ్యకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. షవరు సంగతి ఎత్తనేలేదు. "పట్టుకునే కమ్మీ ఎడమవైపు పెట్టించరా, కుడిచేత్తో చెంబు ముంచుకోవాలి" అంది.