కథలో మన మాట ఏది?

మన గోడపత్రిక కథల్లో స్నేహితురాళ్లు "మిత్రమా, ఎందుకు ఆలస్యమైంది?", "నాకు బస్సు దొరకలేదు" అనుకుంటారు. బాగేపల్లి బస్సు దిగే మనమైతే?

"ఏం మే, ఇంత లేటు?"

"బస్సు సిక్కల్యా. తిండి అయిందా?"

వాక్యాలు సగమే. జవాబు వెనకే ఇంకో ప్రశ్న. టిఫిన్‌ను తిండి అనడం కన్నడం పొత్తు. ఇది తప్పు తెలుగు కాదు. గురజాడ 'కన్యాశుల్కం' 1897లోనే విజయనగరం వాడుకమాటను అచ్చుకెక్కించింది. నామిని చిత్తూరు పల్లెమాటతోనే కథలు రాశారు. మరి చింతామణి, చిక్కబళ్లాపురం మాటను ఎవరు రాయాల? బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు నేర్చిన మనమే కదా!

వర్ణన ఎట్లయినా రాయండి, సంభాషణలో మాత్రం మన నోరు ఉండనీయండి. రాసినాక స్నేహితురాలికి చదివి వినిపించండి. "ఎవరు మే ఇట్ల మాట్లాడేది?" అనిందంటే, మళ్లీ రాయండి.