కరకరలాడే గ్రనోలా మన పొయ్యి మీదనే



పట్టణములోని పెద్ద దుకాణములలో “గ్రనోలా” అను పొట్లములు మీరు చూచియుందురు. ధర చూచి మరల అక్కడే పెట్టి వచ్చియుందురు. అందులో ఉన్నవి ఓట్స్, పప్పులు, తీపి, నూనె మాత్రమే. కొంచెము ఓపిక ఉంటే ఏ తల్లియైనా ఇంటిలో చేయగలదు.

ఇది అమెరికాలో పుట్టిన తిండి. 1863లో న్యూయార్క్ రాష్ట్రములోని డాన్స్‌విల్‌లో వైద్యశాల నడిపిన జేమ్స్ కాలెబ్ జాక్సన్ గారు పొట్టు తీయని గోధుమపిండిని రొట్టెగా కాల్చి, విరిచి, మరల కాల్చి “గ్రనులా” అని పేరు పెట్టారు. అది ఎంత గట్టిదంటే, రాత్రి నానబెడితే గాని ఉదయము తినలేరు! తరువాత బాటిల్ క్రీక్‌లో అడ్వెంటిస్టు సంఘమువారి వైద్యశాల పెద్ద అయిన డాక్టర్ జాన్ హార్వే కెల్లాగ్ గారు అటువంటిదే చేశారు. పేరు విషయమై తగవు వచ్చినందున దానిని “గ్రనోలా” అని మార్చారు.

కావలసినవి: మందపాటి ఓట్స్ 250 గ్రాములు, వేరుశెనగ గుళ్ళు 100, బెల్లము 150, నువ్వులు 25, ఎండుకొబ్బరి తురుము 25 గ్రాములు, నూనె 2 పెద్ద చెంచాలు, చిటికెడు ఉప్పు, రెండు యాలకులు. ఓట్స్ దొరకని ఊరిలో మందపాటి అటుకులు వాడుకోవచ్చును.

అడుగు మందమైన బాణలిలో ఓట్స్‌ను సన్నని మంట మీద కమ్మని వాసన వచ్చేవరకు వేయించండి. మంట పెంచితే పైన మాడుతుంది, లోపల తడి మిగులుతుంది. ఆ తడియే కరకరకు శత్రువు. గుళ్ళు, నువ్వులు వేరువేరుగా వేయించి, గుళ్ళ పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచండి. బెల్లమును కొద్ది నీటిలో కరిగించి, వడగట్టి, మరల కాచండి. ఒక చుక్క చన్నీళ్ళలో వేస్తే గట్టి ఉండ కట్టి, పళ్ళెమునకు కొడితే టంగుమనాలి. వేరుశెనగ పట్టీకి మన తల్లులు పట్టే పాకము ఇదే. లేతపాకమైతే మరునాటికే మెత్తబడుతుంది. పాకములో నూనె, ఉప్పు, యాలకుల పొడి వేసి, దించిన వెంటనే అన్నీ కలిపి, నూనె రాసిన పళ్ళెములో పరచి గరిటెతో అదమండి.

ఇక గంటసేపు ముట్టకండి. వేడిగా ఉండగా కలిపితే ముద్దలు నిలువక పొడి అవుతుంది. పూర్తిగా చల్లారిన తరువాత విరిచి, మూత బిగువైన డబ్బాలో పోయండి. తడి చెంచా పెట్టవద్దు. బెల్లము గాలిలోని తేమను లాగుకొంటుంది గనుక వానకాలములో కొద్దికొద్దిగా చేసుకొనుట మంచిది.

తల్లిదండ్రులారా, ఈ మాటలు మరువకండి. ఐదేళ్ళలోపు పిల్లలకు గుళ్ళు, గట్టి ముక్కలు గొంతుకు అడ్డుపడవచ్చును గనుక మెత్తగా పొడిచేసి పాలలో నానబెట్టి ఇవ్వండి. బెల్లమునకు బదులు తేనె వాడితే ఏడాదిలోపు బిడ్డకు బొత్తిగా పెట్టవద్దు. “బెల్లమే గదా, చక్కెర వ్యాధి ఉన్నవారికి ఫరవాలేదు” అనువారు మన సంఘములలో చాలామంది ఉన్నారు. అది నిజము కాదు. బెల్లము కూడా రక్తములో చక్కెరను పెంచుతుంది. అట్టివారికి బెల్లము వేయక, వేయించిన గింజలు మాత్రము కొద్దిగా తీసి ఉంచండి. మిగిలినవారికి గుప్పెడు చాలును. పాలతోనో పెరుగుతోనో తినవచ్చును.

చివరిగా ఒక మాట భర్తలకు. సన్నని మంట మీద మాడకుండా కలుపుట చేతికి శ్రమ. ఆ గరిటె కాసేపు మీరు పట్టుకోండి. ఆదివారము ఉదయము ఆరాధనకు బయలుదేరే తొందరలో మీ ఇంటి తల్లి ఏమీ తినకుండా రావలసిన అవసరము ఉండదు.